పెద్దక్కకు వచ్చిన వేడి

నేను మొదట కొలువు చేసింది ఆడవాళ్ళ ఆసుపత్రిలో. గేటు మీద బోర్డులో అలాగే రాసి ఉండేది కాబట్టి నమ్మాలి. అక్కడ ఆడదంటే కడుపుతో ఉన్నదైనా కావాలి, కాన్పు అయినదైనా కావాలి, కాన్పు రానందుకు అత్తగారు లాక్కొచ్చినదైనా కావాలి. ఇందులో ఏదీ కానిదానికి మంచమూ లేదు, మందూ లేదు. నలభై అయిదు దాటిన మనిషి మా గేటు లోపలికి రావాలంటే కూతురి వెంటో కోడలి వెంటో సద్దిమూట మోసుకుంటూ రావాలి. ఆమె ఒంట్లో ఏం జరుగుతోందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మొన్న నర్సు కోర్సు చదివే పిల్లలు ఇంటికొచ్చి, "అమ్మమ్మా, ముట్లుడిగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకు మీ కాలంలో ఏం మందిచ్చేవాళ్ళు?" అని అడిగారు. దాని మీద వాళ్ళకు ఏకంగా పాఠం ఉందట! హార్మోను బిళ్ళలు వచ్చాయట, అవి అందరికీ పడవట, పడనివాళ్ళకు వేరే దారులున్నాయట. నాకు నవ్వు ఆగలేదు. ఆ వేరే దారులు మేము ఎప్పుడో తొక్కాం తల్లీ. కాకపోతే ముందు తప్పుదారులన్నీ తొక్కి, అవి అయిపోయాక తొక్కాం.

అది మద్రాసు రాజధాని కాలం. ఇప్పుడు ప్రకాశం అంటున్న ఈ పడమటి తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లా. మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ రైలు ఆగే ఒక ఊళ్ళో మా ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఏటా నాకు చింతపండు పంపుతారు, అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

మా హెడ్ నర్సును అందరమూ పెద్దక్క అనేవాళ్ళం. గిద్దలూరు పక్క మనిషి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, అన్నదమ్ములు ఉన్నా లేనట్టే. ఆసుపత్రి వెనక ఆమెకొక గది ఇచ్చారు. ఇల్లన్నా ఊరన్నా ఆమెకు ఆ గదే. నోరు మాత్రం పెద్దది. తిట్టడం మొదలుపెడితే కాన్పు గదిలో నొప్పులు పడే మనిషి కూడా మూలగడం ఆపి వినేది. కానీ ఆమె చేతుల సంగతి వేరు. యర్రగొండపాలెం అడవి అంచు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్ళు డాక్టరమ్మ ఉందా అని అడిగేవాళ్ళు కాదు. "పెద్దక్క ఉండాదా?" అనేవాళ్ళు. లేదంటే బండి వెనక్కి తిప్పేవాళ్ళు.

డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చింది. ముప్పై దాటింది, పెళ్ళి చేసుకోలేదు. చెడ్డ మనిషి కాదు. ఎవరినీ నమ్మేది కాదు, అంతే. మేము చెయ్యి పెట్టి చూసి జ్వరం లేదంటే మళ్ళీ తాను చెయ్యి పెట్టి చూసేది. తన చేతిని కూడా పూర్తిగా నమ్మేది కాదు. పుస్తకాన్నీ, థర్మామీటరునూ నమ్మేది.

ఇక మా యూనిఫారం గురించి చెప్పాలి. గొంతు దాకా గుండీలు, మణికట్టు దాకా చేతులు, గంజి పెట్టి అట్టలా చేసిన కాలరు, నెత్తిన కుచ్చుల టోపీ. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఎవరో మహాతల్లి కుట్టించుకున్న బట్టలవి. వాటిని నల్లమల ఎండకు మాకు తొడిగారు. చల్లటి బట్టలు వేసుకుంటే సేవాభావం ఆవిరైపోతుందని కాబోలు.

ఒకరోజు పొద్దున వార్డులో మంచాలు సర్దుతూ పెద్దక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. మెడ నుంచి ముఖం దాకా ఎర్రబడింది. చెమట ధారగా కారింది. చరచరా కుండ దగ్గరికి నడిచి, చెంబుడు నీళ్ళు టోపీ మీదనే కుమ్మరించుకుంది. గంజి టోపీ ముఖం మీదికి జారింది. బాలింతలు ముందు భయపడ్డారు, తర్వాత దుప్పట్లలో నోరు మూసుకొని నవ్వారు. కాసేపటికి పెద్దక్క చలిగా ఉందని చేతులు ముడుచుకొని కూర్చుంది. మర్నాడు అదే, ఆ మర్నాడు అదే. ఒక్కోసారి పూటకు రెండుసార్లు.

"ఏందక్కా, ఏమవుతాంది?" అని అడిగాను.

"ఏమో పిల్లా. లోపల ఎవరో కుంపటి రాజేసినట్ల ఉంది. కాసేపుండి వాళ్ళే ఆర్పేసి పోతాండారు. యాడ దాక్కోవాలో తెలీకుండా ఉంది," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో నాకు మొదటిసారి భయం వినిపించింది.

మా వైపు ఒళ్ళు వెచ్చబడిందంటే అడవి జ్వరమే. నుదుటి మీద చెయ్యి పెట్టకముందే క్వినైన్ సీసా మూత తీసేవాళ్ళం. పెద్దక్కకూ తీశారు. ఆ చేదంతా తాగాక ఆమెకు చెవుల్లో హోరు పట్టుకుంది. "చెవుల్లో రైలింజను కూస్తాంది. వేడి మాత్రం యాడిదాడనే ఉంది," అని గోల పెట్టింది. ఎదురుగా నిలబడి మాట్లాడినా "ఆఁ?" అనేది.

క్వినైనుకు తగ్గలేదంటే ఇంకేం జ్వరం? డాక్టరమ్మ పుస్తకం తీసింది. ఒళ్ళు వేడెక్కడం ఉందా, ఉంది. చెమటలు ఉన్నాయా, ఉన్నాయి. నీరసం? ఉంది మరి, నిద్రలో చెమటతో పక్క తడిసి లేచి కూర్చునే మనిషికి నీరసం కాక ఏముంటుంది? దగ్గు లేదు. దగ్గు వెనకాల వస్తుందని పుస్తకంలో ఉందట. క్షయ అని తేల్చేశారు. ఆ కాలంలో ఆ మాట వింటే పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తేవాళ్ళు.

డాక్టరమ్మ జిల్లా కేంద్రంలోని పెద్ద డాక్టరు గారికి కబురు పెట్టింది. ఆయన అక్కడి నుంచే వైద్యం చెప్పి పంపాడు: విడిగా ఉంచండి, కదలనివ్వకండి, వెచ్చగా కప్పండి, వేడి పాలూ గుడ్లూ పెట్టండి, నేనొచ్చి చూసి పంపించేస్తాను. మనిషిని చూడకుండా చేసే వైద్యంలో ఆయన చెయ్యి తిరిగినవాడు.

విడిగా అంటే ఎక్కడ? ఆసుపత్రి వెనక ఫినాయిలు డబ్బాలు పెట్టే రేకుల గది ఉంది. డబ్బాలు బయట పెట్టి పెద్దక్కను లోపల పెట్టారు. ఫినాయిలు ఎండకు పాడవుతుందని ఎవరో జాలిపడి డబ్బాలను వరండా నీడలోకి చేర్చారు. గది కిటికీ వార్డు వైపు ఉంది కాబట్టి దాన్ని మూసి మేకు కొట్టారు. అది మే నెల. ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని బాధపడే మనిషికి రేకుల కప్పు, మూసిన కిటికీ, మెడ దాకా కంబళి, గ్లాసెడు కాగిన పాలు! శత్రువు కూడా ఇంత శ్రద్ధగా చేయడు.

డాక్టరమ్మ రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక స్వయంగా వెళ్ళి జ్వరం చూసేది. క్షయ జ్వరం పొద్దున ఉండదనీ, మధ్యాహ్నానికి ఎక్కుతుందనీ పుస్తకంలో ఉంది. వార్డులో మిగతా అందరికీ పొద్దున్నే చూసేవాళ్ళం, ఎండలో చూసేది ఒక్క పెద్దక్కకే. జబ్బు అంటుకోకుండా ఆ థర్మామీటరును కూడా ఆ గదిలోనే స్టూలు మీద ఉంచేవాళ్ళు. రోజూ చూస్తే రోజూ నూట అయిదు. డాక్టరమ్మ బయటికి వచ్చి తల అడ్డంగా ఊపేది. మేము కళ్ళు ఒత్తుకునేవాళ్ళం. కాంపౌండరు మాత్రం, "మగదిక్కు లేని ఆడదానికి ఒంట్లో వేడి ఇట్లనే ఎక్కుతుంది," అని పళ్ళు కుట్టుకుంటూ వైద్యశాస్త్రం చెప్పాడు.

నేను పాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పెద్దక్క నా చెయ్యి పట్టుకుంది. "నాకు దగ్గుందా పిల్లా? నువ్వే చెప్పు. నాకేం క్షయ లేదు. ఆయన వచ్చి ఒక్క మాట రాసిపోతే నా పనీ పోతుంది, గదీ పోతుంది. శానిటోరియంలో మంచం దొరకకపోతే మీ ఊరికి పో అంటారు. నాకు ఊరేదే?" అంది. ఎప్పుడూ అందరినీ ఏడిపించే మనిషి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కప్పమన్నారు కాబట్టి కంబళి మళ్ళీ కప్పాను.

పెద్ద డాక్టరు గారు వచ్చిన రోజు ఎండ ఎట్లా ఉందంటే, కాకులు కూడా నోళ్ళు తెరుచుకొని కూర్చున్నాయి. ఆయన రైలు దిగి జట్కా ఎక్కి, ఉన్ని కోటు గుండీలు విప్పకుండా, మెడకు టై బిగించుకొని మధ్యాహ్నం వేళకు దిగాడు. వెంట బిళ్ళ బంట్రోతు. మంచినీళ్ళు కూడా తాగకుండా, "ఎక్కడ ఆ మనిషి?" అంటూ రేకుల గదిలోకి నడిచాడు. వెనకాలే డాక్టరమ్మ, ఆమె వెనక పాల గ్లాసుతో నేను.

గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నాడు. "ఊపిరితిత్తుల్లో ఏమీ లేదే," అన్నాడు, నిరాశగా.

డాక్టరమ్మ స్టూలు మీది థర్మామీటరు తీసి, విదిలించి, పెద్దక్క నోట్లో పెట్టి చూపించింది. నూట అయిదు దాటింది.

"ఇంత జ్వరంతో కూర్చుని నన్ను కళ్ళురిమి చూస్తోందే! గట్టి పిండమే," అని ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "నాకూ ఒళ్ళేమీ బాగాలేదు. జట్కా ఎక్కినప్పటి నుంచి ఒకటే మంట. నిన్న యర్రగొండపాలెం క్యాంపులో దోమలు పీకి పెట్టాయి. ఏదీ, నాకు కూడా చూడండి."

డాక్టరమ్మ ఇంకో థర్మామీటరు తెప్పించి, స్పిరిటుతో తుడిచి, విదిలించి ఆయన నోట్లో పెట్టింది. తీసి చూసి, మళ్ళీ చూసింది. ఆయనే లాక్కొని చూసుకున్నాడు. నూట అయిదు.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బంట్రోతుకు చూడండి!" అని అరిచాడు. బంట్రోతుకూ నూట అయిదే. పాపం ఆ మనిషి అప్పటిదాకా గోడకానుకొని వక్కపొడి నములుతున్నాడు. నూట అయిదని తెలిసిన మరుక్షణం కాళ్ళు మడిచి కింద కూలబడి, "నాకు ఆడపిల్లలుండారయ్యా!" అని ఏడుపు అందుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు గోడ పక్కన ఖాళీగా ఉన్న ఇంకో మంచం మీద వాలిపోయాడు. "ఇక్కడ మహమ్మారి మొదలైంది. తలుపు వెయ్యండి. ఎవరూ బయటికి పోకూడదు. నాకు మందు..." అని మూలిగాడు. డాక్టరమ్మ చేతిలోని థర్మామీటరు వంకే చూస్తూ ఉంది.

అప్పుడు లేచింది పెద్దక్క. ఎంతైనా హెడ్ నర్సు. పడకేసిన మనిషిని చూస్తే చేతులు ఊరుకోవు. తన కంబళి తీసి ఆయన పాదాల నుంచి గొంతు దాకా చుట్టింది, అంచులు పరుపు కిందికి దోపింది. నా చేతిలోని పాల గ్లాసు అందుకొని ఆయన తల లేపి పట్టుకుంది.

"తాగండయ్యా. వేడిగా ఉండంగనే తాగాల. చల్లారితే గుణం పోతుంది."

ఆయన రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకు కళ్ళు తేలేశాడు. రేకుల వేడి పైనుంచి, కంబళి పక్కల నుంచి, పాలు లోపలి నుంచి పని చేశాయి. ఒక్క దూకున మంచం దిగి కంబళి విసిరికొట్టాడు.

"చంపుతారా నన్ను? బుద్ధి ఉందా? ఈ ఎండలో మనిషికి ఎవరైనా కంబళి కప్పుతారా!"

"ఎవరో ఏందయ్యా, మీరే గదా చెప్పి పంపినారు," అంది పెద్దక్క. "నాకు రోజూ ఇదే మందు. మీరు ఆ గ్లాసెడు గూడ తాగలేకపోతిరి. గుడ్డు ఇంకా పెట్టనే లేదు."

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే పనులు పోతాయి. నేను పళ్ళతో నాలుక కరుచుకున్నాను, ఆ నొప్పి వారం రోజులుంది.

ఇంతలో డాక్టరమ్మ ఒక పని చేసింది. థర్మామీటరును విదిలించి పాదరసం కిందికి దించింది. ఎవరి నోట్లోనూ పెట్టలేదు. తోక కొస పట్టుకొని ఊరికే గాలిలో నిలబెట్టి చూస్తూ ఉంది. పాదరసం తనంతట తానే మెల్లగా పాక్కుంటూ ఎక్కింది. తొంభై ఎనిమిది దాటింది, నూరు దాటింది, నూట అయిదు దగ్గర ఆగింది.

"గదికండీ జ్వరం," అంది నెమ్మదిగా.

మీకు తెలిసిందే, ఆ గొట్టంలో పాదరసం ఒకసారి ఎక్కితే విదిలించేదాకా దిగదు. గది మనిషి ఒంటికంటే వేడిగా ఉంటే, నోటికి చేరేలోపే అది ఎక్కి కూర్చుంటుంది. దాన్ని మనిషి నోట్లో పెట్టినా ఒకటే, మంచం కోడుకు ఆనించినా ఒకటే. చల్లని దేశంలో రాసిన పుస్తకంలో ఈ సంగతి ఎందుకుంటుంది? థర్మామీటరును కుండనీళ్ళలో ముంచి విదిలించి మళ్ళీ పెట్టి చూశారు. పెద్దక్కకు జ్వరం లేదు. పెద్ద డాక్టరుకు లేదు. బంట్రోతుకు లేదని మూడుసార్లు చెప్పినా నమ్మలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ రోజు డాక్టరమ్మ మీద గౌరవం పుట్టింది. తన తప్పును తన చేత్తోనే ఎత్తి పైఅధికారికి చూపించడం చిన్న సంగతి కాదు. మాటెత్తకుండా జేబులో పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు.

"మరయితే ఈ చెమటలేమిటి?" అన్నాడు పెద్దాయన, టై సర్దుకుంటూ.

డాక్టరమ్మ పెద్దక్క పక్కన కూర్చుని అడగవలసిన మాట అప్పుడు అడిగింది. పెద్దాయన చటుక్కున రేకుల వైపు చూడసాగాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"నిరుడే ఆగిపాయె గదమ్మా," అంది పెద్దక్క. "ఉమ్మి అడిగితిరి, దగ్గు అడిగితిరి, మా నాయనకు క్షయ ఉండెనా అని అడిగితిరి. ఇదొక్కటి అడగకపోతిరి. అడిగింటే చెప్పనా?"

"అడగకపోయినా చెప్పొచ్చుగా?"

"ఇది గూడ చెప్పుకొనే రోగమా అనుకుంటి. ఆసుపత్రిలో ఎవరన్నా చెప్పుకొంటే గదా నాకు తెలిసేది!"

నిజమే. ఇన్నేళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా ఈ మాట చెప్పుకోవడానికి మా గేటు దాటి రాలేదు.

పెద్ద డాక్టరు గారికి ధైర్యం తిరిగి వచ్చింది. "అదా! ఈ వయసు ఆడవాళ్ళకు నరాల బలహీనత. బ్రోమైడు పట్టించండి. కానీ నరాలు బలహీనమైన మనిషి చేతికి కాన్పు అప్పగించకూడదు. వచ్చే నెల మళ్ళీ వస్తాను. అప్పటికీ ఈ ఆవిర్లు పోకపోతే పంపించేద్దాం, వేరే మనిషిని వేద్దాం," అని జట్కా ఎక్కాడు. క్షయ పోయింది గానీ ఉరి అలాగే ఉంది. నెల గడువు మాత్రం దొరికింది.

బ్రోమైడు మంచి మందే. వేడి వచ్చేది, పెద్దక్కకు తెలిసేది కాదు. ఎందుకంటే ఆమెకు ఏదీ తెలిసేది కాదు. వార్డులో నిలబడే కునుకు తీసేది. ఒకరోజు బాలింత మంచం మీద తల వాల్చి నిద్రపోతే ఆ బాలింతే జాలిపడి ఆమెకు దుప్పటి కప్పింది. లేచాక పెద్దక్క సీసా పట్టుకుపోయి ఆముదం చెట్టు మొదట్లో పోసేసింది. "కాన్పు చేసేదీ నిద్రపోయి, కాన్పయ్యేదీ మూర్ఛపోతే, బిడ్డ తనంతట తానే బయటికొచ్చి బొడ్డు కోసుకుంటుందా?" అని డాక్టరమ్మను నిలదీసింది. డాక్టరమ్మ ఖాళీ సీసా తీసి పక్కన పెట్టింది. ఇంకో సీసా ఇవ్వలేదు.

ఈలోగా సంగతి బయటికి పొక్కింది. వరండాలో సద్దిమూటలు పెట్టుకు కూర్చున్న అత్తలందరికీ ఒక్కసారిగా నోళ్ళు లేచాయి. "మాకూ వచ్చింది గదమ్మా!" "నాకైతే గొడ్ల చావిట్లో పోయి పండుకుంటుంటి." "మా ఆయన నన్ను దయ్యం పట్టిందని చెట్టుకు కట్టేయించినాడు!" ఏళ్ళ తరబడి మూటల వెనక కూర్చున్న మనుషులు, వీళ్ళలో ఇంత మాట ఉందని మాకు తెలియదు. ఇక వైద్యాలు కుప్పలు తెప్పలు. వెలిగండ్ల నుంచి వచ్చిన ఒకామె నడినెత్తిన ఆముదం పెట్టమంది. ఇంకొకామె మెంతినీళ్ళు తాగమంది. మరొకామె అంకమ్మకు కోడిని మొక్కుకోమంది. వార్డులో వాక్యం చదివి వినిపించే మా బైబిలమ్మ మూడు పూటలు ఉపవాస ప్రార్థన చెయ్యమంది.

డాక్టరమ్మ అన్నిటినీ వరసగా చేయించి చూసింది, కోడిని తప్ప. ఆముదానికి తలగడలు పాడయ్యాయి. మెంతినీళ్ళకు వేడి తగ్గలేదు గానీ వాసనకు పెద్దక్క పక్కన నిలబడేవాళ్ళు తగ్గారు. ఉపవాసానికి ఆమెకు కోపం పెరిగి, కోపానికి వేడి పెరిగింది.

చివరికి డాక్టరమ్మ పుస్తకం మూసి పెద్దక్కను చూడటం మొదలుపెట్టింది. ఎప్పుడు వస్తోంది, దేని వెనక వస్తోంది. డాక్టరమ్మ కోస్తా నుంచి తెచ్చుకున్న కాఫీ అలవాటును పెద్దక్కకూ ఎప్పుడో అంటించింది. వేడి కాఫీ తాగిన కాసేపటికి ఆవిరి. మధ్యాహ్నం అన్నంలో గొడ్డుకారం కలుపుకుంటే ఆవిరి. తలుపులు మూసిన గదిలో ఆవిరి. కాంపౌండరు నోరు తెరిస్తే ఆవిరి. చివరిదానికి వైద్యం లేదు. మిగతావి ఆపించింది. కాఫీ బదులు మజ్జిగ వచ్చింది. గొడ్డుకారం తగ్గించమన్నప్పుడు మాత్రం పెద్దక్క భర్త పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చిందని ఆమే చెప్పింది.

తర్వాత కత్తెర తెచ్చింది డాక్టరమ్మ. పెద్దక్కను నిలబెట్టి ఆ అట్ట కాలరును గొంతు నుంచి కత్తిరించి పారేసింది, చేతులను మోచేతి పైకి కత్తిరించింది. "రూలు ఒప్పుకుంటుందామ్మా?" అన్నాను భయంగా. "రూలుకు చెమట పట్టదుగా," అంది. మార్కాపురం గనుల నుంచి పెద్ద నల్ల పలక ఒకటి తెప్పించి, నీళ్ళతో తడిపి పెద్దక్క మంచం మీద నడుము కింద వేసింది. పక్కన తడి గుడ్డ, కుండ. ఆవిరి మొదలవుతోందనగానే ఊపిరి నిదానంగా లోపలికి తీసి నిదానంగా వదలమంది. ఆ ఊపిరి కొత్తదేమీ కాదు. నొప్పులు పడేవాళ్ళకు పెద్దక్క రోజూ తిట్టి మరీ నేర్పేదే. "నా పాఠం నాకే చెబుతాండావా?" అని గొణుగుతూనే చేసింది.

పోయిందా అంటే పోలేదు. అబద్ధం చెప్పను. కానీ రావడం తగ్గింది, వచ్చింది తొందరగా పోయేది. అన్నిటికంటే పెద్ద సంగతి, చచ్చిపోతాననే భయం ఆమెకు పోయింది. భయం పోయాక చెయ్యి మునుపటిలా నిలకడగా ఆడింది. ఎందులో ఎంత గుణం ఉందో మీ పాఠంలో ఉంటుంది, చూసుకోండి.

నెల తిరిగింది. పెద్ద డాక్టరు గారు వచ్చే రోజే యర్రగొండపాలెం వైపు నుంచి ఒక బండి వచ్చింది. తొలిచూలు పిల్ల, బిడ్డ కాళ్ళు ముందు వస్తున్నాయి. పెద్దక్క చేతులు కడుక్కొని దిగింది. బిడ్డ మొండెం దాకా వచ్చింది, తల ఇంకా లోపలే ఉంది. సరిగ్గా అప్పుడు, గడప అవతల తెర పక్కన పెద్ద డాక్టరు గారి బూట్లు కనబడ్డాయి. అప్పుడే పెద్దక్క మెడ ఎర్రబడటమూ చూశాను.  బిడ్డా, పెద్దక్క బతుకూ రెండూ ఆ రెండు చేతుల్లోనే ఉన్నాయి.

ముఖం మీద చెమట కళ్ళలోకి కారుతోంది. ఆమె చేతులు తీయలేదు, ఊపిరి మాత్రం పొడుగ్గా తీసింది. డాక్టరమ్మ గోడకున్న విసనకర్ర లాగి, వెనక నిలబడి పెద్దక్కకు విసరడం మొదలుపెట్టింది. ఆ ఆసుపత్రిలో డాక్టరు నర్సుకు విసరడం ఎవరూ చూసి ఎరగరు.

బల్ల మీది పిల్ల తల ఎత్తి చూసి, అంత నొప్పిలోనూ ఊరుకోలేదు. "ఏందమ్మా ఇది? కాన్పు నాదైతే గాలి ఆమెకా?"

"నీకు తర్వాత విసురుతాను. ఇప్పుడు ఆమెకు కళ్ళు కనబడటం నీకే మంచిది," అంది డాక్టరమ్మ.

పెద్దక్క నవ్వింది. నవ్వుతూనే చెయ్యి తిప్పింది. తల వచ్చింది. బిడ్డ కాసేపు ఊరుకొని, పెద్దక్క దాని వీపు మీద ఒకటి వేయగానే కెవ్వుమంది. నేను ఎందుకు ఏడ్చానో నాకు తెలియదు, ఏడ్చాను.

డాక్టరమ్మ విసనకర్రతోనే తెర దాటి బయటికి వచ్చింది. నేనూ నీళ్ళ కోసం వెనకే వచ్చాను.

"ఆవిర్లు పోలేదన్నమాట," అన్నాడు పెద్దాయన.

"పోలేదండీ."

"అయితే పంపించేయాల్సిందే."

"బిడ్డ ఏడుపు వినబడింది కదండీ. చెయ్యి వణకలేదు. ఆమె ఇక్కడే ఉంటుంది."

"ఎట్లా ఉంటుంది? ప్రతి కాన్పుకూ పక్కన ఒకరు నిలబడి విసరాలా? పంకా లాగే మనిషి కావాలంటే నేను ఇవ్వలేను. ఆ పోస్టు కచేరీలకే గానీ ఆసుపత్రులకు లేదు."

"కొత్త మనిషి అక్కర్లేదండీ. ఉన్నారు."

"ఎవరు?"

"నేను."

ఆయన ఇంకేదో అనడానికి నోరు తెరిచాడు. అంతలో లోపలినుంచి పెద్దక్క గొంతు ఆసుపత్రి అంతా వినబడింది: "డాక్టరమ్మా! మాయ ఇంకా పడలేదు, నా ముఖం కాలిపోతాంది. ఆయనతో మాటలు తర్వాత, గాలి యాడికి పోయింది?"

"వస్తున్నానక్కా," అని డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది.